ఘాట్ మీద బండి మొరాయిస్తే: లద్దాఖ్ వెళ్లే హైదరాబాద్ రైడర్లకు స్టార్టింగ్ గైడు

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. లద్దాఖ్‌లోని కనుమ ఖార్దుంగ్ లా ఎత్తు దాదాపు 5,359 మీటర్లు. అక్కడి బోర్డు మీద ఇంకా పెద్ద అంకె కనిపిస్తుంది, దాన్ని నమ్మక్కర్లేదు. అంత పైన గాలి ఒత్తిడి మన ఊళ్లో ఉన్నదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. ట్యాంక్‌బండ్ మీద ఒక్క సెల్ఫ్‌కి అందుకునే బండి అక్కడ పది సెల్ఫ్‌లకీ పలక్కపోవడానికి ముఖ్య కారణం ఇదే.

మొండికేసిన బండ్లలో చాలావాటికి పెద్ద జబ్బేమీ ఉండదు. హెయిర్‌పిన్ మలుపులో ఇంజిన్ ఆగిపోతుంది, వెనకనుంచి లారీ హారన్ కొడుతుంది, రైడర్ కంగారుపడి చోక్ (గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచే మీట) లాగి, యాక్సిలరేటర్ తిప్పుతూ సెల్ఫ్ నొక్కుతూనే ఉంటాడు. ఐదు నిమిషాల్లో ప్లగ్ పెట్రోల్‌తో తడిసిపోతుంది, బ్యాటరీ దిగిపోతుంది. ఉన్న చిన్న లోపం పక్కన రెండు కొత్తవి చేరతాయి. అందుకే ఈ వరుసలో సెల్ఫ్ బటన్ చాలా ఆలస్యంగా వస్తుంది.

ముందు బండిని నిలబెట్టండి

ఇంజిన్ ఆగగానే ముందు బ్రేక్ గట్టిగా పట్టి, ఫస్ట్ గేర్‌లో వేసి క్లచ్ వదిలేయండి. న్యూట్రల్‌లో సైడ్ స్టాండ్ మీద వదిలిన బండి వాలులో ముందుకు జారితే స్టాండ్ మడుచుకుపోతుంది. అందుకే ముక్కు ఎత్తువైపు ఉంచి ఆపాలి, గేర్‌లోనే ఉంచాలి, వెనక చక్రం కింద ఇటుకంత రాయి పెట్టాలి. వెనక కూర్చున్నవాళ్లను దించి, మలుపుకి పైన ఒకరిని, కింద ఒకరిని వచ్చే బండ్లకు సైగ చేయడానికి నిలబెట్టండి.

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. ఆ బరువును 5,000 మీటర్ల ఎత్తులో పైకి తోస్తే పది అడుగులకే కళ్లు తిరుగుతాయి. తోయక తప్పకపోతే కిందికే తోయండి, అదీ ఇద్దరు కలిసి. తలనొప్పి, వాంతి వస్తున్నట్టు ఉండటం, మాట తడబడటం కనిపిస్తే బండి సంగతి పక్కన పెట్టి ఆ మనిషిని వచ్చే వాహనంలో కిందికి పంపాలి. బండి రెండు రోజులు అక్కడే ఉన్నా దానికేమీ కాదు.

తర్వాత, దగ్గర్లో ఉన్నంతలో చదునైన చోటికి బండిని చేర్చండి. ఇది సౌకర్యం కోసం చెప్తున్న మాట కాదు. గాలిలో పెట్రోల్ కలిపే కార్బరేటర్‌లో ఫ్లోట్ ఉంటుంది, మన ఇళ్లమీది నీళ్ల ట్యాంకులో బాల్ వాల్వ్ లాంటిదే. బండి బాగా వాలితే ఫ్లోట్ పక్కకి ఒరిగి పెట్రోల్ ఆగకుండా వస్తుంది. కింద సన్న పైపులోంచి చుక్కలు కారుతున్నాయంటే అదే. కార్బరేటర్ బదులు పంపుతో పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ బండికి ఇబ్బంది వేరు: ట్యాంకులో రెండు లీటర్లే ఉంటే నిట్టవాలులో ఆ పెట్రోల్ ఒక మూలకు చేరి పంపుకి అందదు. బండిని సమంగా నిలబెట్టి రెండు నిమిషాలు వదిలేస్తే ఇంకేమీ చేయకుండానే స్టార్ట్ అయ్యే సందర్భాలు ఉన్నాయి.

ఖర్చు లేని తనిఖీలు

కీ ఆన్ చేయకముందే చూడాల్సినవి కొన్ని. హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపేసే కిల్ స్విచ్ ఎటు ఉంది? చలికి వేసుకున్న లావు గ్లౌజు దాన్ని నొక్కేయడం చాలా మామూలు. సైడ్ స్టాండ్ పూర్తిగా పైకి వెళ్లిందా? స్టాండ్ స్విచ్ దగ్గర బురద గడ్డకడితే స్టాండ్ ఎత్తినా బండి మాత్రం ఎత్తలేదనే అనుకుంటుంది, నీళ్లు పోసి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. గేర్ న్యూట్రల్‌లో ఉండి, క్లచ్ పూర్తిగా పట్టి ప్రయత్నించండి. కార్బరేటర్ బండి అయితే పెట్రోల్ కాక్ ఆన్‌లో ఉందో, రిజర్వులో ఉందో చూసుకోండి.

బండి ఒకసారి పడిందా? ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో ఒరిగితే పంపునీ ఇగ్నిషన్‌నీ ఆపేసే సెన్సర్ ఉంటుంది. బండిని లేపి నిలబెట్టినంత మాత్రాన అది మామూలు స్థితికి రాదు. కీ పూర్తిగా ఆఫ్ చేసి, పది సెకన్లు ఆగి, మళ్లీ ఆన్ చేయాలి. ఇది తెలియక ప్లగ్ దాకా విప్పేసేవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు కీ ఆన్ చేసి చెవి పెట్టండి. ఇంజెక్షన్ బండిలో ట్యాంకు కిందనుంచి రెండు మూడు సెకన్లు ‘జుయ్’మని పంపు శబ్దం వచ్చి ఆగాలి. అది వస్తే ఫ్యూజు, కిల్ స్విచ్, పంపు వైరింగ్ చాలావరకు బాగున్నట్టే. రాకపోతే ముందు ఫ్యూజు పెట్టె తెరవండి. అదే రేటింగ్ ఉన్న ఫ్యూజే వేయాలి. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టే చిట్కా ఎవరైనా చెప్తే చేయకండి, వైరింగ్ కాలితే లేహ్ దాకా లారీ మీదే ప్రయాణం.

ఈ తనిఖీలు చేసేటప్పుడు కీ ఆన్‌లోనే వదిలి ఆలోచిస్తూ నిలబడకండి. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకు హెడ్‌లైట్ ఆపే స్విచ్ లేదు. కొన్ని మోడళ్లలో కీ తిప్పగానే లైటు వెలిగి బ్యాటరీని తాగుతూ ఉంటుంది.

సెల్ఫ్ నొక్కితే వచ్చే శబ్దమే సగం రోగనిర్ధారణ

ఒక్కసారి, మూడు సెకన్లు మాత్రమే నొక్కండి. ఏం వినిపించింది?

‘టక్ టక్ టక్’ అని మాత్రమే అంటే రిలే (సెల్ఫ్ మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్) పని చేస్తోంది కానీ బ్యాటరీలో పస లేదు, లేదా టెర్మినల్ వదులైంది. అసలు ఏ శబ్దమూ లేకపోతే ఫ్యూజు, స్విచ్, రిలేల్లో ఏదో ఒకటి. ‘ర్ర్... ర్ర్...’ అని నీరసంగా తిరిగితే బ్యాటరీ సగం దిగింది, లేదా చలికి ఆయిల్ గట్టిపడింది. హుషారుగా తిరుగుతూ అందుకోవడం లేదంటే బ్యాటరీ జోలికి వెళ్లకండి, లోపం పెట్రోల్, కరెంటు, గాలి ఈ మూడింట్లో ఉంది. సగం తిరిగి ‘ఠక్’మని గోడకి కొట్టినట్టు ఆగిపోతే, అందులోనూ వాగు దాటిన వెంటనే అలా జరిగితే, రెండోసారి నొక్కొద్దు. దాని సంగతి కింద విడిగా ఉంది.

బ్యాటరీ

మూడు నాలుగు వందల రూపాయలకు దొరికే మల్టీమీటర్ జేబులో ఉంటే ఊహాగానాల అవసరం ఉండదు. కీ ఆఫ్‌లో టెర్మినళ్ల మధ్య 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. 12 కంటే తక్కువైతే సెల్ఫ్ మీద ఆశ వదులుకోండి. ఒకరు సెల్ఫ్ నొక్కుతుండగా ఇంకొకరు మీటర్ చూడాలి. 9.5 కంటే కిందికి పడిపోతోందంటే బ్యాటరీ అలసిపోయినట్టు. లెడ్ బ్యాటరీకి 0 డిగ్రీల దగ్గర స్టార్టింగ్ బలం దాదాపు మూడో వంతు తగ్గుతుంది. హైదరాబాద్ ఎండలకు మూడేళ్లు మగ్గిన బ్యాటరీ ఇంట్లో బాగానే కనిపించి మనాలీ-లేహ్ దారిలోని సర్చు గుడారం దగ్గర పొద్దున్నే ఎందుకు చేతులెత్తేస్తుందో దీంతో అర్థమవుతుంది.

టెర్మినల్ బోల్టులు వేలితో కదిపి చూడండి. గతుకుల దారిలో అవి వదులవుతాయి, నెగటివ్ వైపు మరీ తరచుగా. 10 స్పానర్‌తో బిగిస్తే చాలాసార్లు అక్కడితో కథ అయిపోతుంది.

ఇంకో బండినుంచి కరెంటు తీసుకోవాలంటే మందపాటి రాగి వైర్లు కావాలి, ఇంట్లో వాడే సన్న వైరు మండిపోతుంది. ముందు పాజిటివ్‌కి పాజిటివ్ కలపండి. తర్వాత మంచి బ్యాటరీ నెగటివ్ నుంచి వచ్చే వైరుని మీ బండి ఇంజిన్ మీద రంగు లేని బోల్టుకి తగిలించండి. కారు బ్యాటరీ అయితే కారు ఇంజిన్ ఆపే ఉంచాలి. బండి అందుకున్నాక వైర్లను వెనక వరుసలో, అంటే చివర పెట్టినది ముందు తీస్తూ విప్పాలి.

పెట్రోల్ ఓవర్ అయితే

ఘాట్ మీద ఎక్కువగా కనిపించేది ఇదే, మనవాళ్లు ఎక్కువగా అపార్థం చేసుకునేదీ ఇదే. కార్బరేటర్ గాలి పలచబడిందని పసిగట్టలేదు. గాలి తగ్గినా పెట్రోల్ ఇంచుమించు పాత లెక్కనే పోస్తుంది. అంటే పైకి వెళ్లేకొద్దీ చోక్ లాగకుండానే కొంత చోక్ లాగినట్టు అవుతుంది. అలాంటి ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు నిజంగా చోక్ కూడా లాగితే ప్లగ్ తడవక ఏమవుతుంది? సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోల్ వాసన గుప్పుమంటే అనుమానమే అక్కర్లేదు.

విరుగుడు ఇలా. చోక్ పూర్తిగా మూసేయండి. పెట్రోల్ కాక్ ఆఫ్ చేయండి. ఐదు నిమిషాలు ఆగండి. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి అలాగే పట్టుకుని, ఐదు సెకన్లు సెల్ఫ్ కొట్టండి, లేదా ఏడెనిమిది కిక్కులు. అందుకోబోతూ ‘దబ్ దబ్’మంటే యాక్సిలరేటర్ కొద్దిగా తగ్గించి పట్టుకోండి, కాక్ ఆన్ చేయండి. ఇంజెక్షన్ బండ్లలో కూడా పూర్తి యాక్సిలరేటర్‌తో కొడితే చాలా మోడళ్లు పెట్రోల్ తగ్గిస్తాయి. రెండు ప్రయత్నాల మధ్య కనీసం అర నిమిషం విరామం ఇవ్వండి. వరుసగా నొక్కితే స్టార్టర్ మోటార్ కాలుతుంది.

అప్పటికీ లేవకపోతే ప్లగ్ విప్పాల్సిందే. విప్పేముందు ప్లగ్ చుట్టూ దుమ్ము ఊదేయండి, ఇసుక రేణువు లోపల పడితే సిలిండర్ గీరుకుపోతుంది. ప్లగ్‌ని వెలుతురులోకి తెచ్చి చూడండి. తడిగా ఉండి పెట్రోల్ వాసన వస్తే ఓవర్ అయినట్టు. మసిబారి నల్లగా ఉంటే కొంతకాలంగా పెట్రోల్ ఎక్కువ తాగుతోంది. పొడిగా, శుభ్రంగా ఉంటే అసలు పెట్రోలే రావడం లేదు. కొనల మధ్య సందు చాలా బండ్లకు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు, మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే ప్రమాణం. తడి ప్లగ్‌ని గుడ్డతో తుడిచి ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు గానీ, చేతిలో కొత్తది ఉంటే అదే వేయండి, అక్కడ పిసినారితనం పనికిరాదు.

ప్లగ్ తీసిన రంధ్రం తెరిచే ఉంచి, పెట్రోల్ కాక్ ఆఫ్‌లోనే పెట్టి, నాలుగు కిక్కులు కొడితే లోపలి పెట్రోల్ బయటికి చిమ్ముతుంది. మొహం అడ్డం పెట్టకండి. బిగించేటప్పుడు మొదట చేత్తోనే తిప్పాలి. చెయ్యి ఆగాక కొత్త ప్లగ్‌కి స్పానర్‌తో అర చుట్టు, పాతదానికి ఎనిమిదో వంతు చుట్టు చాలు. చలికి వేళ్లు మొద్దుబారినప్పుడు అడ్డంగా ఎక్కించి అల్యూమినియం మరలు పాడుచేసుకుంటే అక్కడ బాగుచేసే నాథుడు ఉండడు.

కరెంటు వస్తోందా?

ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి, దాని లోహపు ఒంటిని ఇంజిన్‌కి తాకించి, ప్లగ్ రంధ్రానికి దూరంగా పట్టుకుని కిక్ కొట్టండి. చిమ్మిన పెట్రోల్ ఆవిరైపోయాకే ఈ పని చేయాలి, లేకపోతే మంట అంటుకుంటుంది. పొడి రబ్బరు గ్లౌజు తప్పనిసరి. నీలంగా, ‘చిట్’మని గట్టిగా వస్తే బాగున్నట్టు. పసుపుగా, సన్నగా వస్తే ప్లగ్ మార్చి మళ్లీ చూడండి. కొత్త ప్లగ్‌తోనూ రాకపోతే క్యాప్‌ని వైరు మీంచి తిప్పి తీసి, తడి తుడిచి, వైరు కొస అర సెంటీమీటరు కోసి మళ్లీ ఎక్కించండి. వాగులు దాటాక క్యాప్ లోపల చేరే తేమే ఎక్కువసార్లు దొంగ. కాయిల్ (ప్లగ్‌కి కరెంటు పంపేది), ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) దాకా అనుమానం వెళ్లిందంటే రోడ్డు మీద చేయగలిగింది తక్కువ, బండిని లారీ ఎక్కించే ఏర్పాట్లు చూసుకోవడం మంచిది.

పెట్రోల్ అందకపోతే

ప్లగ్ పొడిగా ఉందా? ట్యాంకు మూత తెరవండి. ‘సుయ్’మని గాలి లోపలికి పీల్చుకున్నట్టు అయితే మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోయింది. లోపల శూన్యం ఏర్పడి పెట్రోల్ దిగడం మానేసింది. సన్న తీగతో రంధ్రం శుభ్రం చేయండి, పిన్నీసు చాలు.

కార్బరేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, వచ్చే పెట్రోల్‌ని పారదర్శకమైన సీసాలో పట్టండి. అడుగున బుడగల్లా వేరుపడితే నీళ్లు కలిశాయి. ఇప్పుడు వచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, అది తేమని పీల్చుకుంటుంది. సగం ఖాళీ క్యాన్‌లో వారం రోజులు తిప్పిన పెట్రోల్‌ని ట్యాంకులో పోస్తే ఈ తిప్పలు తప్పవు. క్యాన్ పెట్రోల్‌ని మొదటి రెండు రోజుల్లోనే వాడేసి, బంకు దొరికిన చోటల్లా మళ్లీ నింపుకోండి. మనాలీ దారిలో తాండి బంకు దగ్గర తర్వాతి బంకు 365 కిలోమీటర్లని హెచ్చరించే బోర్డు ప్రసిద్ధం. అక్కడ ట్యాంకు నిండుగా చేసుకోవడం ఎత్తు మీద స్టార్టింగ్‌కి కూడా మందే.

హైదరాబాద్ వాళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. సికింద్రాబాద్ స్టేషన్‌లో బండిని పార్సిల్‌లో వేయాలంటే ట్యాంకు ఖాళీ చేయాలి. ఖాళీ చేసేటప్పుడు అడుగున ఉన్న తుప్పు, మడ్డి కదిలి పైపు నోటి దగ్గరికి చేరతాయి. పాత బండి అయితే పార్సిల్‌కి ముందే ట్యాంకు కడిగించి, పైపులో కొత్త ఫిల్టర్ వేయించండి. రైల్లో ఉన్న ఐదారు రోజులూ జీపీఎస్, అలారం లాంటివి బ్యాటరీని తింటూనే ఉంటాయి కాబట్టి నెగటివ్ టెర్మినల్ విప్పి పంపాలి.

గాలి, వాగు నీళ్లు

అదే మనాలీ దారిలోని మోరే మైదానాల దుమ్ములో ఒక్కరోజు నడిస్తే ఎయిర్ ఫిల్టర్ గోధుమరంగుకి తిరుగుతుంది. అసలే పలచని గాలి, దానికి ఈ ముసుగు. కాగితం ఫిల్టర్‌ని తీసి అరచేతి మీద మెల్లగా తట్టండి, కడగొద్దు. ఫిల్టర్ లేకుండా స్టార్ట్ అవుతోందంటే దొంగ దొరికినట్టే, కానీ అది లేకుండా నడపకండి.

ఇక వాగు. మంచు కరిగే కొద్దీ మధ్యాహ్నానికి నాలాల్లో నీళ్లు పెరుగుతాయి, పొద్దున్నే దాటితే మోకాలి దాకా కూడా రావు. నీళ్లలో బండి పడి లేదా మునిగి ఆగిపోతే ఇంజిన్ లోపలికి నీళ్లు వెళ్లి ఉండొచ్చు. గాలిలా నీళ్లు నొక్కుకుపోవు. సెల్ఫ్ కొడితే పిస్టన్ నీళ్లకి గుద్దుకుని కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, రిపేరు బిల్లు ట్రిప్పు ఖర్చుని మించిపోతుంది. ప్లగ్ విప్పండి. ఎయిర్ బాక్స్ కింది డ్రెయిన్ గొట్టం తీసి నీళ్లు వదలండి. ఫిల్టర్ పిండి ఆరబెట్టండి, కాగితానిదైతే మార్చండి. ఇంజెక్షన్ బండికి పంపు ఫ్యూజు తీసి, కిక్‌తోనో సెల్ఫ్‌తోనో ఇంజిన్ తిప్పితే ప్లగ్ రంధ్రంలోంచి నీళ్లు చిమ్ముతాయి. పొడి గాలి వచ్చేదాకా అలా చేశాకే ప్లగ్ బిగించాలి. ఆయిల్ చూసే గాజు కిటికీలో కాఫీ పాలలా తెల్లగా కనిపిస్తే ఆయిల్‌లో నీళ్లు చేరాయి, ఆయిల్ మార్చకుండా నడపకూడదు.

పొద్దున్నే చలికి బిగుసుకుంటే

ఇక్కడ మాత్రం చోక్ కావాలి, ఎందుకంటే గడ్డకట్టే చలిలో పెట్రోల్ ఆవిరి కాదు. యాక్సిలరేటర్ ముట్టకుండా, చోక్ లాగి, క్లచ్ పూర్తిగా పట్టి మూడు సెకన్లు సెల్ఫ్. అందుకోగానే చోక్ సగానికి తగ్గించి, నిమిషంలోపు మూసేయండి. ఊళ్లో ఉంచినంతసేపు ఉంచితే మళ్లీ ఓవర్ అవుతుంది. ఇంజెక్షన్ బండికి పంపు శబ్దం ఆగాక సెల్ఫ్, అంతే.

రాత్రే జాగ్రత్తపడితే ఇంకా మంచిది. తేలిగ్గా వచ్చే బ్యాటరీ అయితే విప్పి గుడారంలో దుప్పటి కింద పెట్టుకోండి. ఇంజిన్ వైపు సూర్యుడు పడేలా బండి నిలిపి, ఎనిమిదింటిదాకా ఓపిక పట్టండి. లారీ డ్రైవర్లు డీజిల్ ట్యాంకు కింద మంట పెడతారని విని పెట్రోల్ బండికి అలాంటి ప్రయోగం చేయకండి.

వాలుని వాడుకుని స్టార్ట్ చేయడం

సెల్ఫ్ పోయింది, కిక్ లేదు. కొండ దిగువకి రోడ్డు ఉంది. కీ ఆన్, సెకండ్ గేర్, క్లచ్ పట్టి జారనివ్వండి. 15-20 కిలోమీటర్ల వేగం రాగానే సీటు మీద బరువు వేస్తూ క్లచ్ ఠక్కున వదిలి, ఇంజిన్ కదలగానే మళ్లీ పట్టండి. చక్రం జారిపోతే థర్డ్ గేర్‌లో ప్రయత్నించండి.

దీనికి హద్దులున్నాయి. కనీసం వంద మీటర్లు నేరుగా కనిపించే తారురోడ్డు కావాలి. మంచు, కంకర, మలుపు ఉన్నచోట వద్దు, వెనక చక్రం బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఇంజెక్షన్ బండి ఇలా కూడా లేవదు, పంపుకీ ఈసీయూకీ కొంతైనా కరెంటు ఉండాలి. అప్పుడు బ్రేక్ వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ కూడా పనిచేయదు, బ్రేకులు మెల్లగా వాడండి.

స్టార్ట్ అయ్యాక, మళ్లీ ఆగకుండా

ఐడ్లింగ్ స్క్రూ కొద్దిగా తిప్పి 200-300 ఆర్‌పీఎం పెంచండి, ఎత్తులో మామూలు ఐడ్లింగ్ నిలవదు. కార్బరేటర్‌కి మిక్స్చర్ (గాలి, పెట్రోల్ పాళ్లు) కూడా పావు నుంచి అర చుట్టు పలచన చేయొచ్చు. ఎటు తిప్పాలన్నది స్క్రూ ఎక్కడుందో దాన్నిబట్టి ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, బయటికి తిప్పితే పలచన. ఇంజిన్ వైపు ఉంటే పెట్రోల్ స్క్రూ, లోపలికి తిప్పాలి. ముందు ఎన్ని చుట్లు ఉందో ఫోన్‌లో రాసుకోండి.

కదిలేటప్పుడు వెనక బ్రేక్ తొక్కి పట్టి, ఫస్ట్ గేర్‌లో రేజింగ్ కాస్త ఎక్కువ ఇచ్చి, క్లచ్ ఒకేసారి పట్టుకునేలా వదలండి. హాఫ్ క్లచ్‌లో కిలోమీటర్లు ఎక్కిస్తే ప్లేట్లు కాలి, ఇంజిన్ తిరుగుతున్నా బండి కదలని స్థితి వస్తుంది. ఎత్తు మీద శక్తి దాదాపు సగానికి తగ్గి ఉంటుంది కాబట్టి నిట్టగా ఉన్న వంద మీటర్లూ వెనకవాళ్లు నడిచి రావడమే నయం.

బయల్దేరేముందు సంచిలో

పుత్లీబౌలిలోనో రాణిగంజ్‌లోనో ఒక్క పూట తిరిగితే అన్నీ దొరుకుతాయి: మీ మోడల్‌కి సరిపోయే రెండు ప్లగ్‌లు, ప్లగ్ స్పానర్, 8, 10, 12, 14 స్పానర్లు, 10, 15, 20 ఆంపియర్ ఫ్యూజులు రెండేసి, మీటరు పెట్రోల్ పైపు, క్లిప్పులు, క్లచ్ కేబుల్, ఎయిర్ ఫిల్టర్ ఒకటి, ఇన్సులేషన్ టేపు, ఎం-సీల్, జిప్ టైలు, రాగి వైర్లు, మల్టీమీటర్, తలకి కట్టుకునే టార్చి. బ్యాటరీకి రెండేళ్లు దాటితే కొత్తది వేయించండి. ఫోన్‌కి పోస్ట్‌పెయిడ్ సిమ్ ఉండాలి, మన ప్రీపెయిడ్ అక్కడ పనిచేయదు. కొన్నవన్నీ కట్టేసి పెట్టడం కాదు, వికారాబాద్ దగ్గర అనంతగిరి ఘాట్‌కి ఒక ఆదివారం వెళ్లి అక్కడ వాలులో ప్లగ్ విప్పి బిగించి, సెకండ్ గేర్‌లో జార్చి స్టార్ట్ చేసి చూడండి. చేతికి గ్లౌజు వేసుకుని మరీ.

తిరిగొచ్చాక మెకానిక్ దగ్గరికి వెళ్లి, ఫోన్‌లో రాసుకున్న చుట్ల ప్రకారం మిక్స్చర్, ఐడ్లింగ్ మళ్లీ పాత చోటికి తిప్పించండి. పైన పలచన చేసిన మిక్స్చర్‌తో హైదరాబాద్ ఎండల్లో నడిపితే ఇంజిన్ మితిమీరి వేడెక్కుతుంది.